వియోగశోకంలో ఒంటరి కొండనడక – ఔషధమా? సాహసమా?

భార్యను గాని, భర్తను గాని కోల్పోయినవారికి కొంతకాలం గడిచిన తరువాత ఇంటి నాలుగు గోడల మధ్య నిలువలేని స్థితి వస్తుంది. ఎటైనా నడిచి పోవాలనిపిస్తుంది. ఊరి చివరి గుట్టకో, అడవిలోని కొండకో ఒంటరిగా వెళ్లి, అలసి సొలసి చీకటి పడిన తరువాత ఇల్లు చేరేవారిని మనం చూస్తూనే ఉన్నాము. ‘పోనివ్వండి, మనసు కుదుటపడుతుంది’ అని బంధువులలో కొందరంటారు. ‘ఈ వయసులో ఒంటరిగా కొండలెక్కడమేమిటి?’ అని మరికొందరంటారు. వీరిలో ఎవరి మాట సరియైనది? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే సమాధానాన్ని పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం నాకు గ్రంథాల వలన మాత్రమే కాక, అనుభవం వలన కూడ తెలిసినది. నా సహధర్మచారిణి గతించి నాలుగు సంవత్సరాలైనది.

శోకం శరీరాన్ని ఏమి చేస్తుంది?

చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఏ పనికి ఏది అన్నిటికంటె బలమైనదో ఒక పెద్ద పట్టిక వలె చెప్పబడినది. శరీరాన్ని తృప్తిపరచి పోషించే వాటిలో సంతోషం మొదటిదని, శరీరాన్ని ఎండింపజేసే వాటిలో శోకం మొదటిదని, రోగాన్ని పెంచే వాటిలో విషాదం మొదటిదని అక్కడ ఉన్నది. ‘ఎండింపజేయడం’ అన్న మాటను పాఠకులు గమనించవలెను. శోకం మనసుకు మాత్రమే సంబంధించినదని మన శాస్త్రం ఎన్నడూ భావించలేదు.

శోకం వలన మొదట వాతం ప్రకోపిస్తుంది. జఠరాగ్ని మందగిస్తుంది. తిన్నది జీర్ణం కాక ఆహారరసం సరిగా తయారు కాదు. రసధాతువు క్షీణించినపుడు దానికి స్థానమైన హృదయం కూడ బలహీనపడుతుంది. అందువల్లనే నోరు ఎండడం, ముద్ద గొంతు దిగకపోవడం, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ రావడం, గుండెదడ, మలబద్ధకం మొదలైనవి కనిపిస్తాయి. కొందరికి విరేచనాలు పట్టుకొంటాయి. శోకం వలన కలిగే అతిసారాన్ని, శోకం వలన వచ్చే జ్వరాన్ని చరకుడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఆధునిక వైద్యులు కూడ దీనిని గుర్తించినారు. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన ప్రచురితమైనది. భార్యను కోల్పోయిన, 55 సంవత్సరాలు పైబడిన 4,486 మంది పురుషుల వివరాలను అందులో పరిశీలించినారు. మొదటి ఆరు నెలలలో వారిలో సంభవించిన మరణాలు అదే వయసు గల వివాహితులలో సంభవించే వాటికంటె సుమారు 40 శాతం ఎక్కువగా ఉన్నవి. వాటిలో ముఖ్యమైన కారణం గుండెజబ్బు. 1990లో జపాను వైద్యులు మరొక విషయాన్ని వర్ణించినారు. తీవ్రమైన మనోవేదన కలిగినపుడు కొందరికి గుండె ఎడమ భాగం హఠాత్తుగా ఉబ్బి, ఆక్టోపస్‌ను పట్టే కుండ ఆకారాన్ని పొందుతుంది. ఆ కుండ పేరుతోనే దీనిని ‘టాకోట్సుబో’ అంటున్నారు. ఇది ఎక్కువగా బహిష్టులు ఆగిన స్త్రీలలో కనిపిస్తుంది. లక్షణాలు గుండెపోటు లక్షణాల వలెనే ఉంటాయి. కావున వియోగం తరువాతి మొదటి ఆరు నెలలు శరీరానికి కూడ గండకాలమే అని గ్రహించవలెను.

కన్నీరు వేరు – శోకం వేరు

మా గురువుగారి ఇంట సూత్రస్థానం 7వ అధ్యాయాన్ని వల్లె వేసే రోజులలో నాకొక సందేహం కలిగినది. ఆపకూడని వేగాలు పదమూడు అని చెబుతూ చరకుడు కన్నీటిని వాటిలో చేర్చినాడు. కన్నీటిని బలవంతంగా ఆపితే పడిశం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తలతిరుగుడు వస్తాయన్నాడు. అదే అధ్యాయంలో, నిగ్రహించవలసిన మనోవేగాలను చెబుతూ లోభం, భయం, క్రోధాలతో పాటు శోకాన్ని పేర్కొన్నాడు. “కన్నీటిని ఆపరాదు, శోకాన్ని ఆపవలెను అంటే ఎట్లాగండీ?” అని అడిగినాను. అప్పుడు నాకు పదహారేళ్లు. గురువుగారు నవ్వి, “నీళ్లు పోనిస్తేనే కదరా చెరువుకట్ట నిలిచేది” అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి నలభై అయిదు సంవత్సరాలు పట్టినది.

ఏడుపు వచ్చినపుడు ఏడవవలెను. అది వేగం. అయితే ఆ దుఃఖం మన ఆహారాన్ని, నిద్రను, దినచర్యను మింగివేయకుండ కట్ట వేసుకొనవలెను. అది నిగ్రహం. మగవారు సాధారణంగా మొదటిదానిలో తప్పుతారు, కన్నీటిని ఆపుకొంటారు. ఒంటరి నడక వలన కలిగే గొప్ప మేలు ఇక్కడే ఉన్నది. దారిలో ఎవరి పరామర్శకూ సమాధానం చెప్పనక్కరలేదు. పిల్లలు చూస్తారన్న బెదురు లేదు. కన్నీరు వస్తే రానివ్వవచ్చు.

వ్యాయామం వేరు – చంక్రమణం వేరు

ఇక్కడ శాస్త్రంలో మరొక చిక్కు ఉన్నది. కోపం, శోకం, భయం, శ్రమలకు లోనైనవారు, ఆకలిదప్పులతో ఉన్నవారు వ్యాయామాన్ని విడిచిపెట్టవలెనని అదే 7వ అధ్యాయంలో కనిపిస్తుంది. అయితే దుఃఖితులు నడవనే కూడదా?

దీనికి సుశ్రుతసంహిత సమాధానం చెబుతుంది. చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో వ్యాయామం, దూరప్రయాణం, చంక్రమణం అనే మూడూ విడివిడిగా చెప్పబడినవి. చంక్రమణమనగా శరీరాన్ని మిక్కిలి బాధించని నడక. అది ఆయువును, బలాన్ని, మేధను, అగ్నిని ఇస్తుందని, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని సుశ్రుతుడు అంటాడు. శోకం అణచివేసేవి సరిగ్గా ఇవే కదా! అగ్ని మందగించినవానికి అగ్నిని, జడత్వం ఆవరించిన ఇంద్రియాలకు మేలుకొలుపును ఇచ్చేది మందుల అంగడిలో దొరకదు. పాదాల క్రింద ఉన్నది.

కావున సూత్రం ఇది: దుఃఖితునికి చంక్రమణం ఔషధం, అతివ్యాయామం అపథ్యం. కొండ రెండింటికీ దారి ఇస్తుంది. ఎట్లా నడిచినాము అన్నదే ముఖ్యం. శక్తికి మించిన పనిని ‘సాహసం’ అంటారు. శరీరాన్ని క్షీణింపజేసే శోషరోగానికి గల నాలుగు కారణాలలో చరకుడు మొదట పేర్కొన్నది ఈ సాహసాన్నే.

నేను చేసిన తప్పు

ఇన్ని వల్లె వేసిన నేను చేసిన పనిని దాచకుండ చెబుతాను. నా భార్య పోయిన రెండవ నెల, వైశాఖమాసం. ఒక తెల్లవారుజామున ఏమీ తినకుండ బస్సెక్కి, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరినాను. ఏటి సూతకంలో దేవదర్శనం కూడదని తెలియనివాడిని కాను. గుడికి కాదు, అడవిలోకి పోతున్నానని నాకు నేనే సర్ది చెప్పుకొన్నాను. ఎగువ అహోబిలం దాటి, భవనాశి ఒడ్డు రాళ్ల మీదుగా ఉగ్రస్తంభం దారి పట్టినాను. పది గంటలకే నల్లమల రాళ్లు పెనం వలె కాలుతున్నవి. చేతిలో నీళ్లు ఒక చిన్న సీసా. ఆయాసం వచ్చినపుడు ఆగవలెనని తెలుసు, ఆగలేదు. ఆగితే ఆమె గుర్తుకు వస్తుందని వేగం పెంచినాను.

ఒక మలుపు దగ్గర పిక్కలు పట్టివేసినవి. కళ్లు చీకట్లు క్రమ్మి, బండకు ఆనుకొని కూలబడినాను. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. తేనె కోసం వచ్చిన చెంచు ఒకడు చూసి, నీళ్లు తాగించి, ముఖం తడిపి, నీడకు చేర్చినాడు. కొంత తేరుకొన్న తరువాత అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే.

“ఇంట్లో ఎవురికన్నా చెప్పొచ్చినావా సామీ?”

చెప్పలేదు. ముప్పది ఎనిమిది సంవత్సరాలుగా గడప దాటేటపుడు ఒకరికే చెప్పేవాడిని. ఆమె లేదు కనుక ఎవరికీ చెప్పలేదు. తిరిగి రావలెనని ఉన్నదా, లేదా అన్నది కూడ ఆ ఉదయం నేను ఆలోచించలేదు. అతడు నా చేయి పట్టుకొని క్రింది దాకా దింపి, అరుగు మీద కూర్చోబెట్టి, నా కుమార్తెకు ఫోను చేసేదాకా కదలలేదు.

ఆకలి, దప్పిక, శ్రమ వలన కలిగే ఆయాసం, కన్నీరు – ఆపకూడని పదమూడింటిలో ఈ నాలుగూ ఉన్నవి. ఆ ఒక్క పూటలో నేను నాలుగింటినీ ఆపినాను. కొండ నన్ను బాధించలేదు, ఆ నిరోధమే బాధించినది.

ఎట్లా నడవవలెను?

1. సగం బలం: వాగ్భటుడు బలవంతుడు సైతం తన శక్తిలో సగమే వినియోగించవలెనన్నాడు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం – ఇవి సగం బలం ఖర్చైనదనడానికి గుర్తులు. అక్కడ ఆగి కూర్చొనవలెను. మిగిలిన సగం దిగడానికి కావలెను.

2. క్రమం: పెద్దకర్మ తరువాతి మొదటి నెలలో చెరువుకట్ట మీదనో, సమతల మార్గంలోనో ఉదయం, సాయంత్రం 15–20 నిమిషాలు చాలు. రెండు, మూడు నెలలలో దీనిని 40 నిమిషాల వరకు పెంచి, వారానికి రెండుసార్లు 50–100 మెట్లు గల గుట్ట ఎక్కవచ్చు. నాలుగవ నెల నుండి గంటసేపు పట్టే చిన్న కొండలు, ఆరు నెలలు దాటిన తరువాత పూటసేపు నడక. ప్రతి మెట్టులోను ఆకలి, నిద్ర మెరుగుపడినపుడే పై మెట్టుకు పోవలెను.

3. ఒంటరిగా నడవవచ్చు, నిర్జనంలో కాదు: మనతో ఎవరూ మాట్లాడకపోయినా, పిలిస్తే పలికే మనిషి ఉన్న దారినే ఎంచుకొనవలెను. అడవిదారులు మొదటి సంవత్సరంలో వద్దు.

4. వేళ: సూర్యోదయానికి బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రావలెను. వేసవిలో కొండల జోలికి పోరాదు.

5. తిథులు: వివాహదినం, మాసికం, సంవత్సరీకం వంటి రోజులలో దుఃఖం తిరగబెడుతుంది. ఆ రోజులలో ఎత్తైన చోట్లకు ఒంటరిగా పోరాదు. తోడు తీసుకొని వెళ్లవలెను.

‘ఏడాది వరకు కొండ ఎక్కరాదు’ అనే ఆచారం మన ఇళ్లలో ఉన్నది. అది క్షేత్రదర్శనానికి సంబంధించినది. పాటించేవారు పాటించవచ్చు, చెరువుకట్టకు గాని, ఊరి గుట్టకు గాని అది అడ్డు కాదు. వైద్యునిగా చూస్తే ఆ ఏడాది గడువు శరీరం కోలుకొనడానికి సరిపోయే కాలం వలె కనిపిస్తుంది. ఏడాది పూర్తయిన తరువాత తిరుమలకు నడచి వెళ్లదలచినవారు ఒక విషయం గుర్తుంచుకొనవలెను. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి సుమారు 2 కిలోమీటర్లే అయినా 2,388 మెట్లు. చిన్న దారి అని మోసపోరాదు. అంత ఎత్తును తక్కువ దూరంలో ఎక్కవలసి ఉన్నందున గుండెకు శ్రమ అక్కడే ఎక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురం వరకు మెట్లు నిటారుగా ఉండి, తరువాత చాల దూరం సులువుగా ఉంటుంది. విశ్రమించడానికి నీడ ఉన్నది, తోటి యాత్రికులు ఉంటారు. అయితే 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుతపులి దాడికి ఒక చిన్నారి బలియైనది. కావున దేవస్థానం వారు చెప్పే వేళలను తప్పక పాటించవలెను. అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, సింహాచల గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మొదటిది ఏడాది అభ్యాసం తరువాత సాధ్యమే. రెండవదానిని ఒంటరిగా తలపెట్టరాదు.

స్త్రీల విషయం

భర్తను కోల్పోయిన స్త్రీని నెలల తరబడి గదిలో మూలన కూర్చోబెట్టే అలవాటు నేటికీ కొన్ని ఇళ్లలో ఉన్నది. యాభై రెండేళ్ల ఒక ఇల్లాలిని ఆమె కుమారుడు నా వద్దకు తీసుకొని వచ్చినాడు. అయిదు నెలలలో తొమ్మిది కిలోలు తగ్గినది. పరీక్షలలో ఏ రోగమూ కనిపించలేదు. “అమ్మా, బయట గాలి పీల్చి ఎన్నాళ్లయినది?” అని అడిగితే ఆమె తల వంచుకొన్నది. కూడ వచ్చిన అత్తగారు, “లోకం ఏమనుకుంటుందండీ?” అన్నారు. “అమ్మగారూ, శోకచికిత్సలో మగవానికి ఒక విధి, ఆడదానికి ఒక విధి అని నేను చదివిన ఏ గ్రంథమూ చెప్పలేదు. మీ కోడలికి నేను వ్రాసే మందు నడక. మందును లోకం పేరు చెప్పి మాన్పించవద్దు” అన్నాను. ఆ పెద్దావిడ కొంతసేపు మౌనంగా ఉండి, “అయితే నేను కూడ చెరువుకట్ట దాకా వస్తాను” అన్నారు. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి కూడ ఆ ఔషధం అవసరమేనని నాకు అప్పుడు తోచినది. మూడు నెలలకు కోడలు ఒంటరిగా ఊరి గుట్ట ఎక్కి దిగుతున్నది. ముద్ద రుచిస్తున్నదని తానే చెప్పినది.

ఆహారం – గృహవైద్యం

పరగడుపున కొండ ఎక్కరాదు, కడుపు నిండుగాను ఎక్కరాదు. బయలుదేరడానికి గంట ముందు పెసరకట్టు శ్రేష్ఠం. గుప్పెడు పెసరపప్పును ఎనిమిది రెట్ల నీటిలో మెత్తగా ఉడికించి, జీలకర్ర, అల్లం, సైంధవలవణం చేర్చి, అర చెంచా ఆవునెయ్యితో వేడిగా త్రాగవలెను.

దారిలో త్రాగడానికి, రాత్రి నానవేసిన 20 ఎండుద్రాక్షలు, 4 ఖర్జూరాలు పిసికి వడకట్టిన నీరు మంచిది. మధుమేహం గలవారికి ఇది పనికిరాదు. చెమట ఎక్కువగా పోసి నీరసించినపుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగవలెను.

రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలకు, అరికాళ్లకు పది నిమిషాలు మర్దన చేసి, జారిపడకుండ గుడ్డతో తుడుచుకొనవలెను. ఇది వాతాన్ని శమింపజేసి నిద్ర పట్టిస్తుంది. ఒకప్పుడు ఆ పాదాలకు నూనె పట్టించిన చేతులు ఇప్పుడు లేకపోవచ్చు. పిల్లలు ఆ పని చేస్తే, వేయి ఓదార్పు మాటలకంటె మేలు.

నిద్రలేమికి గాని, నీరసానికి గాని అశ్వగంధ మొదలైన మందులను వైద్యుని సలహా లేకుండ కొని వాడరాదు. రక్తపోటుకు, మధుమేహానికి వాడుతున్న మందులను ఆపరాదు.

ఎవరు నడవరాదు?

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మోకాళ్ల వాపు గలవారు, జ్వరం, అజీర్ణం ఉన్నవారు పరీక్ష చేయించుకొనకుండ కొండనడక ప్రారంభించరాదు. నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో ప్రాకే నొప్పి, చల్లని చెమట, స్పృహ తప్పుతున్నట్లు ఉండడం – వీటిలో ఏది కనిపించినా దుఃఖభారమని సరిపెట్టుకొనక, కూర్చొని 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

ఇంటివారు మరొకటి గమనించవలెను. ‘ఇక నేను ఎందుకు’ అనే మాటలు, దస్తావేజులు, వస్తువులు పిలిచి అప్పగించడం, హఠాత్తుగా ప్రశాంతంగా మారడం కనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా కొండకు పంపరాదు. ఆలస్యం చేయక మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లవలెను. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయసంఖ్య 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. నెలలు గడచినా తగ్గక, నిత్యజీవితాన్ని స్తంభింపజేసే శోకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ చికిత్స చేయదగిన రుగ్మతగా గుర్తించినది. దానికి వైద్యం చేయించుకొనడం అవమానం కాదు. నడక ఆ వైద్యానికి తోడే గాని, బదులు కాదు.

చివరిమాట

మన తెలుగు ఇళ్లలో గడప దాటేవారు ‘వెళుతున్నాను’ అనరు, ‘వెళ్లివస్తాను’ అంటారు. జీవితభాగస్వామి పోయినపుడు మొదట మూగబోయేది ఈ మాటే. చెప్పడానికి మనిషి లేక మనం చెప్పడం మానివేస్తాము. చెప్పడం మానినవాడికి తిరిగి రావలసిన పని కూడ లేనట్లు ఉంటుంది.

అహోబిలం నుండి వచ్చిన మరునాటి నుండి నేను ఉదయం చెప్పులు తొడుక్కొనగానే ఎదురింటి పెద్దమనిషిని పిలిచి, ఏ దారిన పోతున్నానో, ఎన్ని గంటలకు తిరిగి వస్తానో చెబుతాను. సంవత్సరీకం పూర్తయిన తరువాత అలిపిరి మెట్లు ఎక్కినపుడు అయిదు చోట్ల ఆగినాను. గాలిగోపురం దగ్గర కూర్చొని తనివితీర ఏడ్చినాను. అక్కడినుండే నా కుమార్తెకు ఫోను చేసి చెప్పినాను. తరువాత మిగిలిన మెట్లు ఎక్కి, రాత్రికి ఇల్లు చేరినాను.

కావున పాఠకులారా, దుఃఖంలో ఉన్నవారు నడవండి. కొండలెక్కండి. ఒంటరిగానే ఎక్కండి. తిని బయలుదేరండి, సగం బలంతో నడవండి, కన్నీరు వస్తే రానివ్వండి. గడప దాటేముందు మాత్రం ఎవరో ఒకరికి ‘వెళ్లివస్తాను’ అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.